నాలుగు స్క్రూలు

ఆ చలికాలం మా ఇంట్లో టర్నిప్ ఊరగాయ వాడకం మూడింతలైంది. ఊరగాయ పీపా సెల్లారులో ఉంటుంది. మామూలుగా వారానికో గిన్నె సరిపోయేది. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి అమ్మ రోజుకు రెండుసార్లు గిన్నె పట్టుకుని మెట్లు దిగుతోంది. నాన్నేమో బాయిలర్ చప్పుడు చేస్తోందని దిగేవాడు. ఆ బాయిలర్ పదకొండేళ్లుగా చప్పుడు చేస్తూనే ఉంది. ఆయన చెవిన పడటం అదే మొదలు.

సెల్లారులో ఊరగాయ, బాయిలర్ కాక మూడోది ఒకటుండేది. మా చెల్లెలు ఫ్లావియా స్కీలు.

ఫ్లావియాకు ఇరవై నాలుగేళ్లు. అందరూ దిగే చదును చేసిన మంచు మీద దిగదు. ఎవరి కాలూ పడని కొండముఖం మీద, రాళ్ల సందుల్లోంచి, చరియల అంచుల మీంచి దూకుతూ దిగుతుంది. కింద ఐదుగురు కూర్చుని మార్కులేస్తారు. దాన్ని అమ్మ "పని" అంటుంది, నాన్న "కెరీర్" అంటాడు. పక్కింటి బ్రూనా గారు మాత్రం "ఇంకా అదేనా?" అంటుంది. ఆవిడ కొడుకు ఉదీనె నగరంలో బ్యాంకు ఉద్యోగి.

నా పేరు ఇవో. నేను ఊళ్లో స్కీలు అద్దెకిచ్చే షాపులో మెకానిక్‌ని. పదమూడేళ్లుగా చేస్తున్న పని ఒకటే. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులు సరిచూడటం. ఒక్కో స్కీకి కాలివేళ్ల ముందొకటి, మడమ వెనకొకటి ఉంటాయి. ఒక్కోదానికి ఒక స్క్రూ, పక్కన చిన్న కిటికీ, కిటికీలో అంకె. అంకె పెంచితే స్కీ కాలిని అంత తేలిగ్గా వదలదు. తగ్గిస్తే చటుక్కున వదిలేస్తుంది. వదలకూడని చోట వదిలితే మనిషి రాళ్ల మీదికి పోతుంది. వదలాల్సిన చోట వదలకపోతే మోకాలు పోతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడో సరైన అంకె ఒకటుంటుంది. నాకు జీతమిచ్చేది దానికోసమే.

ఫ్లావియా బరువుకు మా షాపు గోడ మీది పట్టిక ప్రకారం ఏడు. తను అడిగేది పన్నెండు. "పన్నెండు పెట్టు అన్నయ్యా" అని చెప్పేసి, ఇక కిటికీ వైపు చూడదు. చూస్తే కొండ అంచు మీద నిలబడ్డప్పుడు ఆ అంకే గుర్తొస్తుందట. అందుకని చూసే పని నాకప్పగించింది. నేను పెట్టింది తొమ్మిదిన్నర. అన్నయ్య అన్నాక కొంత స్వతంత్రం ఉంటుందనుకున్నాను. తనకు చెప్పలేదు.

జనవరిలో ఆస్ట్రియాలో పోటీ జరిగింది. అప్పటికి ఫ్లావియా మొదటి స్థానంలో ఉంది. సీజను చివర్న మొదట నిలిచిన ఒక్కరికే పై ఏడాది పెద్ద పోటీల్లో చోటు. ఆ రోజు రెండోసారి దూకి దిగగానే కుడికాలి స్కీ ఊడిపోయింది. తను అరవై మీటర్లు జారింది. భుజం కమిలిందంతే. స్థానం మాత్రం మూడుకు జారింది.

నాన్న మునిసిపల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు దుఃఖం వస్తే కాయితం తీస్తాడు. బైండింగుల కంపెనీకి మూడు పేజీల ఫిర్యాదు రాశాడు, పేరాలకు నంబర్లు వేసి మరీ. "మీ నాసిరకం సరుకు వల్ల" అన్న మాట అందులో ఏడుసార్లుంది. పది రోజుల్లో జవాబొచ్చింది. చింతిస్తున్నామనీ, పాత బైండింగులు పరీక్షకు పంపమనీ, కొత్తవి పంపుతున్నామనీ రాశారు. వాటితోపాటు నారింజరంగు జాకెట్లు ఐదు పంపారు. మేం నలుగురం. ఐదో జాకెట్ ఎవరికన్న చర్చ మూడు రోజులు నడిచింది. ఆదివారం మేమంతా అవి వేసుకుని చర్చికి వెళ్తుంటే రోడ్డు రిపేరుకు వచ్చినవాళ్లనుకుని ఒకాయన దారెప్పుడు తెరుస్తారని అడిగాడు.

జాకెట్లు వచ్చాక నిజం చెప్పడం కష్టం. నేను చెప్పలేదు.

కొత్త బైండింగులు బిగించేటప్పుడు ఫ్లావియా మళ్లీ పన్నెండే అంది. తప్పు చేశానన్న బాధతో ఈసారి అర పెంచి పది పెట్టాను. వారం తర్వాత స్కీల అడుగున మైనం పూద్దామని సెల్లారులో దిగి చూస్తే ముందరి రెండూ పదకొండు మీద ఉన్నాయి. మళ్లీ పదికి తెచ్చాను. ఇంకో వారానికి పదకొండున్నర. తనంతట తాను తిరిగే స్క్రూని నేనింతవరకూ చూడలేదు. ఎవరో నా అంకె మారుస్తున్నారు. మనిషి మీద నమ్మకం ఉంచి ఫ్లావియా నాకప్పగించిన పనిని నాకు తెలియకుండా మార్చడమంటే ఎంత నీచమో అని నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మ గోళ్లరంగు సీసా తెచ్చి నాలుగు స్క్రూల మీదా, వాటిని ఆనుకున్న ఇనుము మీదా కలిపి ఒక్కో ఎర్రచుక్క పెట్టాను. స్క్రూ కదిలితే చుక్క విరుగుతుంది. సీసాలో రంగు తగ్గిందని అమ్మ కనిపెట్టేసింది.

"ఎవర్రా ఆ పిల్ల?" అంది, ఆశగా.

ముప్పై మూడేళ్ల కొడుకు గోళ్లరంగు దొంగిలిస్తే తల్లికి తోచేది అదొక్కటే. నేను కాదనలేదు. ఆవిడ వారంపాటు సంతోషంగా ఉంది.

చుక్కలు విరిగాయి.

మొదట నా అనుమానం మిర్కో మీదికి పోయింది. ఎదురు షాపు మెకానిక్. ఫ్లావియా పడితే పై స్థానానికి లేచే గ్రేటా అనే అమ్మాయి స్కీలు వాడే చూస్తాడు. కానీ సెల్లారు తాళంచెవి మా ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతుంది. దాన్ని తీయాలంటే ముందు అమ్మను దాటాలి. అమ్మను దాటినవాడెవడైనా కాఫీ తాగకుండా బయటపడ్డ దాఖలాలు లేవు. కాబట్టి మిర్కో కాదు.

తర్వాత కొర్రాదో వచ్చాడు.

కొర్రాదో బైండింగుల కంపెనీ తరఫున ఆటగాళ్లను చూసుకునే మనిషి. ఫిబ్రవరి మధ్యలో ఒక ఆదివారం భోజనానికొచ్చాడు. అమ్మ సోఫాకున్న ప్లాస్టిక్ తొడుగు తీయించింది. మా ఇంట్లో ఆ తొడుగు తీయడం నా ఎరుకలో రెండోసారి. మొదటిసారి బిషప్ గారొచ్చారు. నాన్న ఆ జాకెట్ వేసుకునే పొలెంతా అనే మొక్కజొన్న సంకటి తిన్నాడు, చెమటలు కారుతున్నా.

మాటల్లో మాటగా కొర్రాదో పాదిరి టోపీ సంగతి ఎత్తాడు. చివరి పోటీ మా ఊరి కొండ స్కురో మీదే. దాని నడిమధ్యన టోపీలా పొడుచుకొచ్చిన చరియ పాదిరి టోపీ. మూడంతస్తుల ఎత్తుంటుంది. దాని మీంచి ఆడపిల్లలెవరూ దూకలేదు. మగవాళ్లలో ఇద్దరు దూకారు. ఒకతను బానే ఉన్నాడు.

"నేనేమీ బలవంతపెట్టట్లేదమ్మా" అన్నాడు కొర్రాదో, ఊరగాయ వడ్డించుకుంటూ. "జనం ఎదురుచూస్తున్నారు, అంతే."

"ఏ జనం?" అంది ఫ్లావియా.

"అందరూ."

"దగ్గరికెళ్లి చూసి చెప్తా" అంది. దగ్గరికంటే దగ్గరికి కాదు. పోటీకి ముందు ఆ ముఖం మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఎదుటి కొండ మీంచి బైనాక్యులర్లతో చూసుకుని, దారి మనసులో గీసుకోవాలి.

భోజనమయ్యాక కొర్రాదో చేతులు కడుక్కుంటానని లేచాడు. బాత్‌రూము పైన. అతను సెల్లారు వైపునుంచి వచ్చాడు. నేను మెట్ల దగ్గర ఎదురయ్యాను.

ఇల్లు కొత్త కదా, దారి తప్పానన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇవో గారూ, మీ పాత బైండింగులు ల్యాబులో చూశారు. లోపమేం లేదు. అంకె మాత్రం తొమ్మిదిన్నర మీదుంది. అమ్మాయి నాకు పన్నెండని చెప్పింది."

నేను బాయిలర్ చప్పుడు వింటున్నట్టు మొహం పెట్టాను.

"నేనెవరికీ చెప్పలేదు" అన్నాడు. "చెప్పి ఏం లాభం? ఈసారి పద్నాలుగు పెట్టండి. టోపీ మీంచి దిగేటప్పుడు స్కీ ఊడితే కంపెనీకి రెండోసారి చెడ్డపేరు. మనిద్దరికీ మంచిది కాదు."

అతను నా భుజం తట్టి వెళ్లాడు. దిగి చూస్తే ముందరి చుక్కలు విరిగి ఉన్నాయి. దొంగ దొరికాడు. నా దొంగతనం తెలిసినవాడే దొంగ కావడంతో ఎవరికీ చెప్పుకునే వీల్లేకుండా పోయింది. అంకె పదికి తెచ్చి, కొత్త చుక్కలు పెట్టి, ఇక కొర్రాదో ఇంటికి రాకుండా చూస్తే చాలనుకున్నాను.

కొర్రాదో మళ్లీ రాలేదు. చుక్కలు మళ్లీ విరిగాయి. ఈసారి ముందరి అంకె పన్నెండుకు పెరిగి, వెనకది తొమ్మిదికి తగ్గింది. నాకు మతిపోయింది. బిగించేవాడు వదులెందుకు చేస్తాడు? ఇద్దరున్నారన్న ఆలోచన నాకు రాలేదు. ఒకడే ఉన్నాడు, పిచ్చివాడు అనుకున్నాను. ఫ్లావియాయే రహస్యంగా ప్రయోగాలు చేస్తోందేమోనని కూడా అనుమానించాను. అడిగితే నా సంగతి బయటపడుతుంది. అందుకని అడగకుండా తన మొహం వంక చూస్తూ కూర్చునేవాణ్ణి.

"ఏంటన్నయ్యా, మొహమ్మీద ఏమైనా ఉందా?" అనేది.

పోటీకి రెండు రోజుల ముందు కొండను చూసుకునే గడువు మొదలైంది. పోటీదార్లు ఎదుటి కొండెక్కి చూశారు. మా వీధి వీధంతా బాల్కనీల్లోంచి చూసింది. పిట్టల కోసమని పదేళ్ల కిందట కొన్న బైనాక్యులర్లతో నాన్న మొదటిసారి ఏదో చూశాడు. బేకరీవాడు టోపీ ఆకారంలో బన్ను చేసి కిటికీలో ఫ్లావియా ఫోటో పక్కన పెట్టాడు. బ్రూనా గారు నాలుగు కొని మాకు రెండు పంపింది. పిల్ల దూకుతుందా అని అడగడానికి ఊళ్లో ఒక్కరికీ నోరు రాలేదు. ఎటునుంచి దూకుతుందని మాత్రం అందరూ అడిగారు.

ఫ్లావియా ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆ రెండు రోజులూ అన్నం సరిగా తినలేదు. అమ్మ అది మంచి లక్షణమంది, పెద్ద పోటీదార్లంతా అలాగే ఉంటారట. తర్వాత గిన్నె తీసుకుని ఊరగాయకు వెళ్లింది.

శనివారం పొద్దున ఆరున్నరకు స్కీలు తెద్దామని దిగాను. నాలుగు చుక్కలూ విరిగి ఉన్నాయి. ముందు రెండూ పదమూడు. వెనక రెండూ ఏడున్నర.

ఇంతకన్నా చెడ్డ లెక్క నేను కావాలని పెట్టినా పెట్టలేను. అంత ఎత్తునుంచి దిగగానే మడమ దగ్గర ఊడుతుంది, వేళ్ల దగ్గర ఊడదు. మనిషి ముందుకు పడుతుంది, స్కీ కాలికి వేలాడుతూ మెలిపడుతుంది. ఆ మెట్ల మీద నాకు కొర్రాదో, జాకెట్లు, మిర్కో ఎవరూ గుర్తురాలేదు. ఎనిమిదింటికి రోప్‌వే కదులుతుందన్నది ఒక్కటే గుర్తొచ్చింది.

స్కీలు పైకి మోసుకొచ్చి వంటింటి బల్ల మీద, కాఫీ కప్పుల మధ్యన పెట్టాను. పక్కన నా స్క్రూడ్రైవర్ పెట్టాను. నాన్న వాతావరణం ఎలా ఉందో చూస్తానని లేచాడు. అమ్మ స్టవ్ వైపు తిరిగింది.

"నాన్నా, కూర్చో" అన్నాను. "వీటిని ఎవరు ముట్టుకున్నారు?"

 ఫ్లావియా బూట్ల పట్టీ బిగించుకోవడం ఆపి, మొదటిసారి ఆ కిటికీల్లోకి చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత మా మొహాల్లోకి చూసింది.

"ముందరివి నేనే" అన్నాడు నాన్న. నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఆస్ట్రియాలో ఆయన కింద, ముగింపు గీత దగ్గర నిలబడ్డాడు. "ముందు స్కీ ఒక్కటే వచ్చింది. నా కాళ్ల దగ్గరికొచ్చి ఆగింది. నువ్వెక్కడున్నావో కనపళ్లేదమ్మా. స్కీ మాత్రం వచ్చింది. ఇంకోసారి అది నీ కాలొదిలి రాకూడదనుకున్నా."

"వెనకవి నేను" అంది అమ్మ. ఆవిడ ఆసుపత్రిలో, కట్లు కట్టే గది బయట చీటీలు రాస్తుంది. ఆ సీజనులో నలభై ఒక్క మోకాళ్లు ఆవిడ బల్ల ముందునుంచి వెళ్లాయి. పేర్లు మర్చిపోయినా మోకాళ్లు మర్చిపోదు. స్కీ విప్పేటప్పుడు అందరూ మడమ దగ్గరే నొక్కుతారు కాబట్టి తలుపు అక్కడే ఉందనుకుని, దాన్ని కొంచెం వదులు చేసింది. రోజుకు కాస్త కాస్త.

"ఊరగాయ పేరు చెప్పి దిగావా?" అన్నాడు నాన్న.

"బాయిలర్ పేరు చెప్పిన మనిషి అడగాలా నన్ను?"

ఫ్లావియా నవ్వలేదు. నా వంక తిరిగింది. "నువ్వు పెట్టింది పన్నెండే కదా అన్నయ్యా?"

ఇక్కడ పన్నెండని చెప్పేస్తే సరిపోయేది. తప్పంతా వాళ్లిద్దరి మీదా పోయేది, నేను నాలుగూ సరిచేసి ఇచ్చేవాణ్ణి, తను వెళ్లిపోయేది. నోరు తెరిచాను కూడా.

"పది" అన్నాను. "జనవరిలో తొమ్మిదిన్నర. ఆ స్కీ ఊడింది నా వల్ల."

స్టవ్ మీద కాఫీ పొంగింది. అమ్మ అటు చూడలేదు. నాన్న జాకెట్ జిప్పు కిందికి లాగి, దాన్ని విప్పి, కుర్చీకి తగిలించాడు. 

"ఒక్కరైనా నన్నడిగారా?" అంది ఫ్లావియా. అరవలేదు. అరిచినా బావుండేది.

తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుంది. మమ్మల్ని అటు తిరగమంది. నాన్న ఫ్రిజ్ వైపు, నేను క్యాలెండర్ వైపు తిరిగాం. అమ్మ ఎలాగూ అటే తిరిగి ఉంది. ఎన్ని తిప్పులు తిప్పుతోందో చెవులతో లెక్కపెడదామని చూశాను. అమ్మ కుళాయి విప్పింది. కావాలనే విప్పిందని ఇప్పటికీ నా అనుమానం.

తను స్కీలు భుజాన వేసుకుని, కాఫీ తాగకుండా వెళ్లిపోయింది.

కింద గీత దగ్గర మేం ముగ్గురం పక్కపక్కనే నిలబడ్డాం. జాకెట్లు వేసుకోలేదు, చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. కొర్రాదో కనపడి, పద్నాలుగే కదా అని సైగ చేశాడు. నాకు తెలియదన్నాను. అతను నమ్మలేదు. పదమూడేళ్ల వృత్తిలో నేను ఆ ముక్క అనడం అదే మొదలు కాబట్టి నేనూ నమ్మలేకపోయాను.

పదకొండో పేరు తనది. పైన గేటులోంచి చుక్కలా బయల్దేరింది. రాళ్ల సందు దాటింది, చిన్న చరియ మీంచి దూకింది, దిగింది, స్కీలు కాళ్లకే ఉన్నాయి. నాన్న ఊపిరి వదిలాడు. తర్వాత పాదిరి టోపీ వైపు తిరిగింది.  అంచు మీద ఆగలేదు. ఆగి చూస్తే దూకలేరని తను ఎప్పుడూ అంటుంది.

గాల్లో బానే ఉంది. దిగడంలో బరువు వెనక్కి పడింది. మంచు లేచి ఏమీ కనపళ్లేదు. ఆ తెల్లటి పొగలోంచి ముందుగా ఒక స్కీ బయటికొచ్చి కిందికి జారింది. నాన్న దాని వంక చూడలేదు. ఆయన కళ్లు పైనే ఉన్నాయి. రెండు పల్టీలు, మూడో సగం పల్టీ, ఆగింది. కూర్చుంది. చెయ్యెత్తింది.

పడ్డవాళ్లకు మార్కులుండవు. చోటు గ్రేటాకు పోయింది. మిర్కో వచ్చి అమ్మకు చేయి కలిపి, అయ్యో అన్నాడు. కొర్రాదో ఫోనులో వీడియో మళ్లీ చూసుకుంటూ, వదలాల్సిన చోట ఎంత అందంగా వదిలిందో చూడండి, ఇది కూడా ప్రకటనకు వాడుకోవచ్చన్నాడు.

ఫ్లావియా ఒంటి స్కీ మీద మెల్లగా దిగి వచ్చింది. అమ్మ వంగి, స్కీ లేని కుడికాలి మోకాలి మీద చెయ్యేసింది. ఫ్లావియా దాన్ని రెండుసార్లు మడిచి చూపించింది.

"బాధగా ఉందామ్మా?" అన్నాడు నాన్న.

"ఉంది నాన్నా" అంది. ముక్కు తుడుచుకుని నా వంక చూసింది. "కానీ జనవరిలో నన్ను మీరు పడేశారు. ఇవాళ నేనే పడ్డా."

ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మంగళవారం మధ్యాహ్నం షాపుకొచ్చి స్కీలు బల్ల మీద పెట్టింది. రాయి తగిలి కుడిదాని అంచు వంకరపోయింది.

"అంచు బాగుచెయ్యి. స్క్రూల జోలికి పోకు."

"అంకె చూడొచ్చా?"

"చూడకు."

తను వెళ్లాక గోధుమరంగు టేపు తీసి, మొహం పక్కకి తిప్పుకుని, తడుముకుంటూ నాలుగు కిటికీల మీదా అతికించాను. అప్పుడు పని మొదలుపెట్టాను. మా యజమాని వచ్చి, కాసేపు చూసి, ఆ టేపులేమిటని అడిగాడు.

కస్టమర్ అలా పెట్టమందన్నాను.